నాయనకి గుండె పంపింగ్ 25 శాతం. ఇంట్లో చూసుకుంటున్నవాళ్ళు ఉంటే కొంచెం మాట్లాడండి

ప్రశ్న: బైరాగిపట్టెడ, తిరుపతి

అందరికీ నమస్కారం. మందుల గురించి అడగడానికి రాయడం లేదు. ఆ సంగతి డాక్టరు గారు చూసుకుంటున్నారు, ఆయన చెప్పినట్టే మాత్రలు పడుతున్నాయి. గుండె బలహీనపడిన మనిషిని ఇంట్లో పెట్టుకుని చూసుకుంటున్నవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడాలనిపించింది. మా వీధిలో ఎవరికి చెప్పినా "ఏడుకొండలవాడు ఉన్నాడులే" అంటారు. నమ్మకం నాకూ ఉంది. కానీ రాత్రి రెండు గంటలకి లేచి కూర్చునేది నేనే కదా.

మా నాయన ఆర్టీసీ డ్రైవరు. సర్వీసులో ఎక్కువ భాగం తిరుమల ఘాట్‌రోడ్డు మీదే గడిచింది. రిటైరయ్యాక పాకాల దగ్గర మా ఊళ్ళో అమ్మా, ఆయనా ఉండేవాళ్ళు. అమ్మ పోయింది. తర్వాత ఆయనకి హార్ట్ అటాక్ వచ్చింది, స్టెంట్ వేశారు. ఇంక ఒక్కణ్ణే అక్కడ వదిలిపెట్టలేక మా ఇంటికి తెచ్చుకున్నా. అటాక్‌లో గుండె కండరం బాగా దెబ్బతినిందన్నారు. ఎకోలో, అంటే గుండె స్కానింగ్‌లో, పంపింగ్ 25 శాతం వచ్చింది. మామూలుగా 55 పైన ఉండాలంట. నిరుడు వానాకాలంలో ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఐసీయూలో పెట్టారు. ఆ రాత్రి ఆయన మంచం అంచున కూర్చుని, ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి గాలి కోసం పడిన యాతన నా కళ్ళలోంచి పోవడం లేదు. అప్పట్నుంచి నాకు నిద్ర సరిగ్గా లేదు.

పొద్దున్నే బాత్రూముకి పోయొచ్చి, కాఫీ తాగకముందు ఆయన బరువు చూడాలి. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను, కుట్టుమిషన్ పక్కనే కాటా పెట్టుకున్నా. నాయన గోడ పట్టుకుని ఎక్కుతాడు, నేను వెనకనించి తొంగి చూస్తా. 62 చిల్లర ఉంటే ఆ పూటకి బతికినట్టు. 63 చూపించిందంటే ఒంట్లో నీరు చేరుతోందేమో అని నాకు దడ మొదలు. తర్వాత కాళ్ళు. మడమ పైన బొటనవేలు పెట్టి నొక్కితే గుంట పడుతుంది. ఆ గుంట ఎంతసేపటికి పూడుతుందో చూస్తూ నేల మీద కూర్చుంటా. ఆయన పైకప్పు వైపు చూస్తూ ఉంటాడు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోం.

కుట్టుమిషన్‌కి మోటారు ఉంది. ఆ చప్పుడులో ఆయన దగ్గు వినపడదని మధ్యాహ్నం ఆయన పడుకునే వేళకి చేతిపని పెట్టుకుంటున్నా. హుక్కులు, హెమ్మింగ్, చీర ఫాల్స్ అన్నీ అప్పుడే. పడుకున్నాక దగ్గితే మంచిది కాదని డాక్టరు చెప్పినప్పట్నుంచి చెవి అటే ఉంటుంది. రాత్రి రెండు దిండ్లు వేసుకుంటాడు. మూడోది అడిగితే ఆయాసం పెరిగిందని నాకు తెలిసిపోతుందని, ఆయన అడగడు. దుప్పటి నాలుగు మడతలు పెట్టి దిండు కింద తోసుకుంటాడు. పొద్దున పక్క తీసేటప్పుడు ఆ దుప్పటి చూసి నాకు కోపం, ఏడుపు రెండూ ఒక్కసారే వస్తాయి.

తిండి సంగతి చెప్పనక్కర్లేదు. రాగి సంగటి, ఊరుబిండి, ఆవకాయ మీద పెరిగిన మనిషి. ఇప్పుడు ఉప్పు లేని పప్పు, చప్పటి కూర. ఒక్క మాట అనడు, తలవంచుకుని తినేసి పోతాడు. ఉప్పు లేదని గొడవ పడితే బాగుండుననిపిస్తుంది. అల్లుడి ఇంట్లో ఉన్నానన్న మొహమాటం ఆయనకి. మా ఆయన మంచివాడే, నాయనని క్షవరానికి కూడా తనే తీసుకుపోతాడు. అయినా మా ఆయన ఇంట్లో ఉంటే నాయన మంచినీళ్ళు కూడా అడగడు.

ఊళ్ళో ఉన్నప్పుడే కాదు, ఇక్కడికి వచ్చాక కూడా రోజూ సాయంత్రం బస్టాండు దగ్గర టీ బంకుకి పోయేవాడు. రిటైరైన డ్రైవర్లు, కండక్టర్లు అక్కడ చేరతారు. ఐసీయూ నుంచి వచ్చాక పోవడం మానేశాడు. డాక్టరు నడవమన్నారు, నేనూ పొమ్మంటున్నా. "ఎండగా ఉందిలేమ్మా" అంటాడు. సంక్రాంతి చలిలో కూడా అదే మాట. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, వచ్చేపోయే బళ్ళని చూస్తూ కూర్చుంటాడు.

ఇంకొకటి. మూడు నెలలు మందులు పూర్తి డోసులో వాడాక ఎకో మళ్ళీ తీస్తామని, పంపింగ్ 35 దాటకపోతే, గుండె లయ తప్పితే కాపాడే ఐసీడీ అనే మిషన్ ఛాతీలో పెట్టాల్సి రావచ్చని డాక్టరు చెప్పారు. నాయన "నాకొద్దు" అన్నాడు, అంతే, ఆ మాట అక్కడితో ఆగిపోయింది. బెంగళూరులో ఉన్న మా అన్న "పెట్టించెయ్, డబ్బు నేను చూస్తా" అంటాడు. నాయన మొహం చూస్తూ ఆ మాట ఎత్తాల్సింది నేను.

ఒక్కో రాత్రి ఒక ఆలోచన వస్తుంది. ఇది ఎన్నాళ్ళు, ఎప్పటికి అయిపోతుంది అని. రాయడానికే చెయ్యి ఆడటం లేదు. ఆయన నా ప్రాణం. ఘాట్ డ్యూటీ దిగి ఇంటికి వస్తే సంచిలోంచి నాకేదో ఒకటి తీసివ్వని రోజు లేదు. అట్లాంటి మనిషి గురించి ఆ ఆలోచన ఎక్కడినుంచి వస్తుందో తెలియడం లేదు.

ఆయన బాగున్న రోజు కూడా నేను సంతోషంగా ఉండలేకపోతున్నా. నాయన వైపు చూస్తే బరువు, వాపు, ఆయాసం ఇవే కనపడుతున్నాయి, నాయన కనపడటం లేదు. మీకెవరికైనా ఇట్లా అయిందా? ఏం చేశారు?

జవాబు: గ్రీమ్స్‌పేట, చిత్తూరు

చెల్లీ, నీ ఉత్తరం నిన్న రాత్రి చదివాను. వెంటనే రాయలేకపోయాను.

మా ఆయనకి ఇదే జబ్బు. ఆయనకి అటాక్ ఏమీ రాలేదు, గుండె కండరమే వదులైపోయిందన్నారు. మాకు బంగారుపాళ్యం దగ్గర మామిడితోట ఉండేది. కాపు కాలంలో రాత్రీ పగలూ తోటలోనే ఉండే మనిషి చివరికి ఇంట్లోనే హాల్లోంచి వంటింటికి వచ్చేలోపు ఒకచోట ఆగేవాడు. కొన్నేళ్ళు నా చేతిలో ఉన్నాడు. తర్వాత పోయాడు.

ముందు ఆ ఆలోచన గురించి చెబుతాను, ఎందుకంటే మిగతా అందరూ దాన్ని దాటేసి పోతారు. నాకూ వచ్చింది. చాలాసార్లు వచ్చింది. వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయినప్పుడు వరండాలో ఒక పెద్దామె పక్కన కూర్చుని, ఎవరో తెలియని మనిషి కాబట్టి నోరు విప్పి చెప్పేశాను. ఆమె భర్తకీ అదే జబ్బు. ఆమె నా చెయ్యి పట్టుకుని, "నీకు ఆయన పోవాలని లేదమ్మా, నీకు ఒక రాత్రి నిద్ర కావాలి" అంది. అరవం కలిసిన తెలుగులో అంది. ఆ రోజు తర్వాత ఆ ఆలోచన రావడం మానలేదు, కానీ వచ్చినప్పుడు నన్ను నేను తిట్టుకోవడం మానేశాను.

నిద్ర విషయం నువ్వు తప్పకుండా చూసుకోవాలి. మేము చేసింది చెబుతాను. తలుపులకి పెట్టుకునే వైరు లేని కాలింగ్ బెల్ దొరుకుతుంది కదా, ఎలక్ట్రికల్ షాపులో, పెద్ద ఖరీదేమీ కాదు. నొక్కే బటన్ ఆయన దిండు పక్కన గోడకి అంటించాం, మోగేది నా తల దగ్గర పెట్టుకున్నాను. ఆయనకి పిలవడానికి ఓపిక లేకపోయినా వేలు ఆనిస్తే చాలు. మొదట్లో నమ్మకం కుదరలేదు, అయినా లేచి చూసేదాన్ని. తర్వాత మెల్లగా అలవాటైంది. చెవి పనిని బెల్లుకి అప్పజెప్పాను. మీ ఆయనకి కూడా చెప్పు, వారంలో రెండు రాత్రులు బెల్లు ఆయన దగ్గర పెట్టుకోమను. క్షవరానికి తీసుకుపోయే అల్లుడు అది కూడా చేస్తాడు.

మేము ఇంకో నియమం పెట్టుకున్నాం. సాయంత్రం దీపం పెట్టాక జబ్బు మాట ఎత్తకూడదు. మాత్రలు ఇస్తాను, కానీ బరువెంత, కాళ్ళెట్లా ఉన్నాయి, రిపోర్టు ఎప్పుడొస్తుంది, ఇవేవీ వద్దు. మొదటి నాలుగైదు రోజులు ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదని తెలిసి భయమేసింది. తర్వాత ఆయన తోట గురించి మొదలుపెట్టాడు. ఏ వరస ఎవరు నాటారు, ఏ చెట్టు బెంగళూరా, ఏది నీలం, ఏ చెట్టు కింద మా పెద్దోడు పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు, ఇట్లా. అన్నేళ్ళు కాపురం చేసి నాకు తెలియని సంగతులు ఎన్నో. ఇవాళ నా దగ్గర ఉన్నవి అవే. ఘాట్‌రోడ్డు మీద అంతకాలం బండి నడిపినాయన దగ్గర ఎన్ని ఉంటాయో, అడిగి చూడు.

జవాబు: శ్రీకాళహస్తి, రిటైర్డ్ మాస్టారు

అమ్మా, నేను నీవైపు వాణ్ణి కాదు, మీ నాయన వైపు వాణ్ణి. నాకే ఈ జబ్బు. పంపింగ్ 30. నువ్వు చెప్పిన ఐసీడీ ఎడమ కాలర్ ఎముక కింద పెట్టుకుని తిరుగుతున్నాను. మా కోడలు చూసుకుంటుంది నన్ను.

మా కోడలు గదిలోకి వస్తే ముందు నా కాళ్ళు చూస్తుంది, తర్వాత మొహం చూస్తుంది. దేవత లాంటి పిల్ల, ఒక్క మాటనడానికి లేదు. కానీ ఆ చూపు కాళ్ళ నుంచి మొహం దాకా వచ్చేలోపు నేను మొహం సర్దుకుంటాను. నవ్వు పెట్టుకుంటాను. మీ నాయన పైకప్పు వైపు చూస్తాడని రాశావే, అది ఆ సర్దుకోవడమే.

దుప్పటి మడిచి పెట్టుకోవడం నేనూ చేశాను. ఎందుకో చెబుతాను. మూడో దిండు అడిగితే పొద్దున ఆసుపత్రి. ఆసుపత్రి అంటే అబ్బాయికి లీవు, సూది గుచ్చడాలు, పక్క మంచంలో ఎవరో అరుస్తుంటారు, బిల్లు. ఇంకొక్క రాత్రి ఇంట్లో పడుకుందాం, పొద్దునకి తగ్గుతుందేమో అనే ఆశ. నిన్ను మోసం చెయ్యాలని కాదు తల్లీ. దీనికి మేము ఇంట్లో ఒక ఒప్పందం చేసుకున్నాం. నేను నిజం చెబుతాను, చెప్పిన వెంటనే వాళ్ళు సంచి సర్దకూడదు. ముందు డాక్టరుకి ఫోను, ఆయన నీళ్ళ మాత్ర, అదే ఒంట్లో చేరిన నీరు మూత్రంలో పోవడానికి వేసేది, పెంచమంటే పెంచి చూడటం, ఆ తర్వాతే ఆసుపత్రి. డాక్టరు గారికి కూడా ఆ పద్ధతి చెప్పి, ఎంత బరువుకి ఏం చెయ్యాలో కాగితం మీద రాయించుకున్నాం. చాలాసార్లు ఇంట్లోనే తగ్గింది. ఇప్పుడు నేనేదీ దాచను.

బరువు పుస్తకం ఆయన చేతికిచ్చెయ్. నువ్వు వెనకనించి తొంగి చూడొద్దు. ఆయన చూసుకుని, ఆయన రాసి, నీకు చూపించాలి. అన్నేళ్ళు బండి లాగ్‌షీటు రాసిన చెయ్యి అది, ఒక్క రోజు తప్పు రాయదు.

ఇప్పుడు టీ బంకు విషయం. ఇది ఎవరూ నీకు చెప్పరు కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను. మీ నాయనకి నీళ్ళ మాత్ర రెండో పూట కూడా ఉందా? ఉంటే ఏ టైముకి వేస్తున్నావు? ఆ మాత్ర పడిన గంటలోపే మొదలవుతుంది, ఇంక వరసగా పోతూనే ఉండాలి, ఆపుకోవడం మా వయసులో కుదరదు. సాయంత్రం నాలుగింటికి వేసుకుని అయిదింటికి టీ బంకు దగ్గర కూర్చుంటే ఆ మనిషి ఎక్కడికి పోతాడు? ఒకసారి పంచె తడిసిందనుకో, మళ్ళీ ఆ నలుగురి ముందుకి పోతాడా? పోనీ కూతురికి చెప్పుకుంటాడా? ఎండగా ఉందంటాడు. నేనైతే మోకాళ్ళ నొప్పి అన్నాను.

రెండోది, ఆయాసం వస్తే దారిలో ఎక్కడ కూర్చోవాలి అన్న బెంగ. మా ఇంటి నుంచి గుడి దాకా నాకు కూర్చునే చోట్లు తెలుసు. మందుల షాపు ముందు స్టూలు, తర్వాత సైకిలు షాపు అరుగు, తర్వాత పూలమ్మే ఆవిడ పక్కన సిమెంటు దిమ్మె. వాళ్ళందరికీ నేను తెలుసు. ఆ దారి ఒకసారి ఆయనతో కలిసి నడిచి, కూర్చునే చోట్లు చూసుకుని రండి.

జవాబు: స్టాఫ్ నర్సు, తిరుపతి

అక్కా, కార్డియాలజీ వార్డులో పనిచేస్తాను. మాస్టారు గారు చెప్పిన నీళ్ళ మాత్ర మాట నూటికి నూరుపాళ్ళు నిజం. మా దగ్గర మగ పేషెంట్లు డిశ్చార్జి రోజు మందులన్నీ శ్రద్ధగా వింటారు, ఇది మాత్రం అడగరు. రెండో డోసు మధ్యాహ్నానికి జరపడం చాలామందికి కుదురుతుంది, రాత్రి లేవడం కూడా తగ్గుతుంది. మీ అంతట మీరు మార్చకండి, డాక్టరు గారికి కారణం చెప్పి అడగండి.

63 చూసి భయపడుతున్నానన్నారు. అర కిలో, ముప్పావు కిలో అటూ ఇటూ అవడం ఎవరికైనా ఉంటుంది, రాత్రి ఆలస్యంగా తిన్నా, విరేచనం కాకపోయినా అంతే. ఒక్క రోజులో కిలో పైన పెరిగినా, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా అప్పుడు ఫోన్ చెయ్యాలి. మీ నాయన గారికి ప్రత్యేకంగా వేరే అంకె చెప్పి ఉంటే అదే పాటించండి. కూర్చున్నా ఊపిరి అందకపోవడం, చెమటలు పట్టి ఒళ్ళు చల్లబడటం, స్పృహ తప్పడం, దగ్గితే గులాబీ రంగు నురగ రావడం, వీటికి ఫోన్లు, ఆలోచనలు వద్దు, 108 పిలవండి. ఈ రెండూ లేని రోజులన్నీ మామూలు రోజులే అక్కా. మీరు ఆ మామూలు రోజుల్ని కూడా ఎమర్జెన్సీ లాగా గడుపుతున్నారు.

చప్పటి తిండి అన్నారు కాబట్టి ఒక జాగ్రత్త. సోడియం తక్కువని షాపుల్లో ఒక రకం ఉప్పు అమ్ముతారు. అందులో కొంత సోడియం బదులు పొటాషియం వేస్తారు. మీ నాయన గారి మాత్రల్లో స్పైరోనోలాక్టోన్ లాంటిది ఉంటే ఒంట్లో పొటాషియం ఇప్పటికే పెరిగే వీలుంది, దాని మీద ఆ ఉప్పు కూడా వాడితే గుండె లయ తప్పొచ్చు. డాక్టరుని అడగకుండా తేవద్దు. ఉప్పు తీసేసిన చోట నిమ్మకాయ, ధనియాల పొడి, కాల్చిన వెల్లుల్లి, మిరియాలు వెయ్యండి. ఊరుబిండి ఉప్పు లేకుండా కూడా బాగుంటుంది, చెనిక్కాయలు కొంచెం ఎక్కువ వేయించి చింతపండు పులుపు పెంచితే. మా అమ్మ చేస్తుంది. ఇంకో మాట, మోకాళ్ళ నొప్పి అని మందుల షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కొని వేసుకోనివ్వకండి. అవి ఒంట్లో నీరు నిలబెడతాయి. నీరు చేరి అడ్మిట్ అయినవాళ్ళ సంచిలో ఆ స్ట్రిప్పులు మాకు కనపడుతూ ఉంటాయి.

ఇక మీ నాయన గారు మాట్లాడకపోవడం. నీళ్ళ మాత్ర టైము మారాక కూడా ఆయన అట్లాగే ఉంటే, తిండి మీద, మనుషుల మీద ధ్యాస లేకపోతే, ఆ సంగతి డాక్టరుకి చెప్పండి. ఈ జబ్బులో డిప్రెషన్ చాలామందికి వస్తుంది, దానికి వైద్యం ఉంది. ముసలితనం కదా అని వదిలెయ్యకండి. మీకు కూడా చెబుతున్నా. 14416 టెలీ మానస్ నంబరు. ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు, ఎప్పుడైనా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు. రాత్రి రెండింటికి మెలకువ వస్తే ఆ గుంట గురించి ఆలోచించే బదులు ఆ నంబరు నొక్కండి. మీ బీపీ ఆఖరుసారి ఎప్పుడు చూపించుకున్నారు? నాయన గారితో ఓపీకి వస్తారు కదా, ఆ రోజే మీదీ చూపించుకోండి.

జవాబు: బెంగళూరులో ఉంటున్న ఒక కొడుకు, సొంతూరు పలమనేరు

నేను మీ అన్నలాంటివాణ్ణి. మా అమ్మని అక్క చూసుకుంటుంది. "డబ్బు నేను చూస్తా" అనే మాట నేనూ అన్నాను. ఇంకేం చెయ్యాలో తెలియక అంటాం. మా అక్క ఒకరోజు, "డబ్బు సరే, మందులు అయిపోకముందు తెప్పించే పని నీది, డాక్టరుతో అపాయింట్‌మెంటు నీది, ప్రతి రెండో శనివారం రాత్రి అమ్మ పక్కన పడుకునే పని నీది" అని చెప్పేసింది. కోపంగా చెప్పలేదు, పని పంచినట్టు చెప్పింది. చెప్పాక నాకే తేలికైంది. బెంగళూరు నుంచి తిరుపతికి బస్సులకి కొదవ లేదు. మీ అన్నని రమ్మనండి. ఐసీడీ మాట ఎత్తే పని ఆయనకివ్వండి.

అడిగినవారు: బైరాగిపట్టెడ, తిరుపతి

మాస్టారు గారూ, మీకు దండం పెడతాను. నీళ్ళ మాత్ర సాయంత్రం నాలుగింటికే వేస్తున్నాను, చీటీలో "సాయంత్రం" అని ఉంది. నేను నాయనని నేరుగా అడగలేదు, మీరు చెప్పినట్టే ఆయన చెప్పుకోలేడు. మా ఆయన్ని అడగమన్నా. ఇద్దరూ మేడ మీద... కాదు, మేడ ఎక్కలేడు కదా, వెనక వసారాలో కూర్చుని మాట్లాడుకున్నారు. నిజమే. ఒకరోజు దారిలో అట్లా అయిందంట. ఆటో ఎక్కి వచ్చేశాడంట. ఆ రోజు ఆయన తొందరగా వచ్చేశాడని నాకు గుర్తుంది, స్నానం చేస్తానంటే నీళ్ళు కూడా నేనే తోడిపెట్టాను.

డాక్టరు గారు మధ్యాహ్నం ఒకటిన్నరకి మార్చుకోమన్నారు.

ఒక సందేహం. ఐసీడీ పెట్టుకున్నారు కదా మీరు, అది షాక్ కొడుతుందంటారు. నొప్పిగా ఉంటుందా? నాయన "కరెంటు పెట్టించుకోను" అన్నాడంట మా ఆయనతో. వద్దనడానికి కారణం అదే అని మాకు ఇప్పుడే తెలిసింది.

జవాబు: శ్రీకాళహస్తి, రిటైర్డ్ మాస్టారు

నిజమే చెబుతాను. నాకు ఒకసారి కొట్టింది. గుండెల మీద ఎవరో గట్టిగా తన్నినట్టు ఉంటుంది, ఒక్క క్షణం. తర్వాత భయం మాత్రం చాలా రోజులుంటుంది. కానీ అది కొట్టకపోయి ఉంటే నేను ఇక్కడ రాస్తూ ఉండను. కొందరికి అసలు ఎప్పుడూ కొట్టదు.

ఆయనకి ఇంకొకటి కూడా స్పష్టంగా చెప్పండి. అది పెట్టుకుంటే ఆయాసం తగ్గదు, బలం రాదు. గుండె ఉన్నట్టుండి లయ తప్పితే కాపాడటం దాని పని, అంతే. బలం వచ్చేది మందులతోనే. బలం వస్తుందని ఆశపెట్టి ఒప్పించారంటే పెట్టాక మీ మీద నమ్మకం పోతుంది. మందులతో పంపింగ్ 35 దాటితే ఆ అవసరమే రాకపోవచ్చు కూడా, మూడు నెలలు ఆగమన్నది అందుకే.

జవాబు: స్టాఫ్ నర్సు, తిరుపతి

మాస్టారు గారి మాటకి ఒక్కటి కలుపుతాను. పెట్టాక వద్దనిపిస్తే, జబ్బు బాగా ముదిరిన దశలో, ఆ షాక్ పనిని ఆపేయించుకోవచ్చు. పైనుంచే ఆపుతారు, మళ్ళీ కోత ఉండదు. కొంతమంది పెద్దవాళ్ళకి ఆ సంగతి తెలిశాకే ధైర్యం వస్తుంది, ఒకసారి ఒప్పుకుంటే ఇక చివరిదాకా తమ చేతిలో లేదని భయపడుతూ ఉంటారు.

అడిగినవారు: బైరాగిపట్టెడ, తిరుపతి

కొన్నాళ్ళకి మళ్ళీ రాస్తున్నా.

బెల్లు పెట్టాం. గ్రీమ్స్‌పేట అక్కా, మీరన్నట్టే మొదట్లో బెల్లు మోగకుండానే లేచి చూశా. ఇప్పుడు మంగళవారం, శుక్రవారం రాత్రులు అది మా ఆయన దగ్గర ఉంటుంది. నిన్న శుక్రవారం నేను అయిదింటిదాకా పడుకున్నా.

బరువు పుస్తకం నాయనే రాస్తున్నాడు. తేదీ, టైము, బరువు, ఆఖర్లో సంతకం. నేను అడిగితే, "సంతకం లేని షీటు డిపోలో తీసుకోరు" అన్నాడు. ఒకరోజు 63.1 అని రాసి, నేను చూడకముందే, "నిన్న రాత్రి ఉప్మా రెండుసార్లు పెట్టించుకున్నా, అదీ" అని చెప్పాడు. మర్నాటికి తగ్గింది.

టీ బంకుకి ఆయన ఒక్కడే పోవడం ఇంకా లేదు. ఆయనతో పనిచేసిన కండక్టరు ఒకాయన కొర్లగుంటలో ఉంటాడు, ఆయన స్కూటరు మీద వచ్చి తీసుకుపోతున్నాడు. టీ అరగ్లాసు. రోజుకి అన్నీ కలిపి లీటరున్నరే తాగాలన్న లెక్కలో అది కూడా పుస్తకంలో రాస్తాడు. మొన్న వాళ్ళిద్దరూ వచ్చేసరికి చీకటిపడింది. వసారాలో కూర్చుని, ఒక వానాకాలం ఘాట్‌లో కొండరాయి పడి బళ్ళన్నీ ఆగిపోతే రాత్రంతా యాత్రికుల పిల్లలకి బిస్కెట్లు పంచిన సంగతి చెప్పుకున్నారు. నేను వింటూ కుట్టుమిషన్ మోటారు వేసుకుని పని చేసుకున్నా.

భయం పోలేదు. కాటా ఎక్కుతుంటే ఇప్పటికీ నా కడుపులో పిసికినట్టే ఉంటుంది. ఉప్పు లేని కూర ముందు పెట్టేటప్పుడు ఇప్పటికీ బాధే.

అన్న వచ్చే ఆదివారం వస్తున్నాడు. ఐసీడీ గురించి డాక్టరు గారిని ఏమడగాలో నాయన నాతో చీటీ రాయించాడు. పెట్టుకోను అన్న మాట ఇప్పుడు అనడం లేదు, పెట్టుకుంటాననీ అనలేదు. మొదటి ప్రశ్న, దాని బ్యాటరీ ఎన్నేళ్ళు వస్తుంది. రెండోది, తర్వాత ఆపేయించుకోవచ్చన్నది నిజమేనా. మూడోది, అది పెట్టుకున్నాక బండి నడపొచ్చా. మాస్టారు గారూ, మూడోదానికి మీకేమైనా తెలుసా? చీటీలో దాని కింద రెండు గీతలు గీయించాడు.

జవాబు: శ్రీకాళహస్తి, రిటైర్డ్ మాస్టారు

నాకు చెప్పింది ఇది. పెట్టిన తర్వాత కొన్నాళ్ళు స్కూటరు, కారు ముట్టుకోవద్దన్నారు, తర్వాత చూసి ఒప్పుకున్నారు. షాక్ కొట్టినప్పుడు మళ్ళీ కొన్ని నెలలు ఆపించారు. బస్సు, లారీ మాత్రం ఇక ఉండదు. మనిషిని బట్టి మారుతుందన్నారు.

ఆ ప్రశ్న మాత్రం నువ్వు గానీ మీ అన్న గానీ అడగొద్దమ్మా. డాక్టరు గారిని ఆయన్నే అడగనీండి.